సూపర్‌నోవా వార్తలో కోబాల్ట్ ఊసే లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సూపర్‌నోవా 1987ఎ, అంటే 1987లో పేలిపోతూ కనిపించిన నక్షత్రం మీద అర పేజీ వ్యాసం వేశారు. ఆదివారం పేజీల్లో ఆకాశానికి అంత జాగా దొరకడమే అరుదు, అందుకు ముందుగా కృతజ్ఞతలు. మా మనవరాలు ఆ ఫొటో కత్తిరించి తన పుస్తకాల బీరువాకి అంటించుకుంది కూడా. కానీ వ్యాసం పూర్తిగా చదివాక నాకు మనసు కుదుటపడలేదు. మామూలు సూపర్‌నోవాల్లో పదో వంతు మాత్రమే వెలిగిన బలహీనమైన పేలుడనీ, అయినా మూడు నెలలపాటు దాని వెలుగు పెరుగుతూనే పోయిందనీ, ఎందుకో శాస్త్రవేత్తలకే అంతుపట్టలేదనీ రాశారు. అంతుపట్టింది. దాదాపు నలభై ఏళ్ల కిందటే అంతుపట్టింది. ఆ వెలుగుకు మూలం కోబాల్ట్. మీ వ్యాసంలో ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. రేడియోధార్మికత అన్న మాట కూడా రాలేదు.

నా ఉద్యోగ జీవితమంతా కోబాల్ట్‌తోనే గడిచింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో కోబాల్ట్ మెషిన్ మీద టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లలో 'కరెంటు పెట్టించుకోవడం' అంటారే, నేను పనిచేసింది ఆ గదిలోనే. ఖగోళశాస్త్రంలో నాకు డిగ్రీ లేదు. కానీ ఈ సూపర్‌నోవా ఎందుకు అలా వెలిగిందో చెప్పే లెక్క, మా కంట్రోల్ రూమ్ గోడ మీద అంటించి ఉండే చార్టులోని లెక్క ఒకటే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా వేయండి.

ముందు జరిగింది చెబుతాను, ఎందుకంటే మీ వ్యాసంలో అది రెండు వాక్యాల్లో అయిపోయింది. 1987 ఫిబ్రవరి 23న, మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటి గంట దాటి ఐదు నిమిషాలకు, జపాన్‌లో కమియోకా గని అడుగున పెట్టిన పెద్ద నీళ్ల ట్యాంకులో కొన్ని సెకన్లపాటు సన్నటి మెరుపులు నమోదయ్యాయి. అదే సమయానికి అమెరికాలో ఈరీ సరస్సు దగ్గరి ఉప్పు గనిలో ఉన్న ట్యాంకులోనూ, అప్పటి సోవియట్ యూనియన్‌లో కాకసస్ కొండల కింద బక్సాన్‌లోనూ నమోదయ్యాయి. అవి న్యూట్రినోలు, అంటే దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు. మూడు చోట్లా కలిపి లెక్కపెడితే రెండు డజన్లు, అటూ ఇటూగా. ఈ మూడు ప్రయోగశాలలూ ఉత్తరార్ధగోళంలో చాలా పైన ఉన్నాయి. పేలిన నక్షత్రమేమో దక్షిణాకాశంలో, వాటికి ఎప్పుడూ కనిపించని చోట ఉంది. అంటే ఆ న్యూట్రినోలు భూమిని ఆ వైపు నుంచి ఈ వైపుకు తొలుచుకుని, కింది నుంచి పైకి వచ్చి ఆ ట్యాంకుల్లో తగిలాయి. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము గామా కిరణాలను ఆపడానికి మీటరుకు పైగా మందం కాంక్రీటు గోడలు కట్టించుకుంటాం. వీటికి భూగోళమే అడ్డు కాలేదు.

నక్షత్రం గుండె కూలిపోయిందన్న కబురును అవి తెచ్చాయి. వెలుగు ఆ తర్వాత కొన్ని గంటలకు బయటపడింది, ఎందుకంటే లోపల పుట్టిన దెబ్బ నక్షత్రం పై పొర దాకా చేరడానికి అంత టైము పట్టింది. ఫిబ్రవరి 24న చిలీలోని లాస్ కంపానాస్ కొండ మీది వేధశాలలో ఇయాన్ షెల్టన్ కడిగిన ఫొటో ప్లేటులో, పెద్ద మగెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో, అంతకుముందు లేని చుక్క కనిపించింది. అదే కొండ మీద పనిచేసే ఆస్కార్ దువాల్దె ఆ రాత్రి బయటికి వచ్చి తల పైకెత్తి మామూలు కంటితోనే దాన్ని చూశాడు. న్యూజిలాండ్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఔత్సాహిక పరిశీలకుడు కూడా విడిగా పట్టుకున్నాడు. 1604లో కెప్లర్ చూసిన సూపర్‌నోవా తర్వాత అంత స్పష్టంగా మామూలు కంటికి ఆనింది ఇదే. మధ్యలో 383 ఏళ్లు. దూరం 1,68,000 కాంతి సంవత్సరాలు.

ఇక 'బలహీనమైన పేలుడు' అన్న మాట దగ్గరికి వస్తాను. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టింది. పేలుడు బలం ఒకటి, దాని వెలుగు మరొకటి. ఇలాంటి నక్షత్రం కూలినప్పుడు విడుదలయ్యే శక్తిలో నూటికి 99 వంతులు న్యూట్రినోలే పట్టుకుపోతాయి. మిగిలిన ఒక్క వంతులో దాదాపు అంతా నక్షత్రం పొరలను సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో బయటికి విసరడానికి ఖర్చవుతుంది. మన కంటికి వెలుగుగా కనిపించేది మొత్తంలో సుమారు పదివేలలో ఒక వంతు. 1987ఎలో న్యూట్రినోలు తగ్గలేదు, వేగమూ తగ్గలేదు. తగ్గింది ఆ చివరి పదివేలో వంతు మాత్రమే. దాన్ని బట్టి పేలుడునే బలహీనం అనడం తప్పు.

మరి వెలుగు ఎందుకు తగ్గింది? పేలిన నక్షత్రం చిన్నది కాబట్టి. నిజానికి ఇది ఖగోళ శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచిన విషయమే, మీ వ్యాసకర్త ఇక్కడ ఆశ్చర్యం అన్న మాట వాడి ఉంటే నేను అభ్యంతరం చెప్పేదాన్ని కాదు. పేలుడుకు ముందు తీసిన పాత ప్లేట్లలో అదే చోట ఒక నక్షత్రం ఉంది. నికొలస్ సాండులీక్ తయారుచేసిన జాబితాలో దాని నంబరు −69 202. బరువులో సూర్యుడికి దాదాపు 20 రెట్లు. ఇంత బరువైన నక్షత్రాలు ఎర్రగా, సూర్యుడికి వందల రెట్ల వ్యాసంతో ఉబ్బిపోయాకే పేలతాయని అప్పటిదాకా అనుకునేవారు. ఇది మాత్రం నీలి నక్షత్రం. అడ్డుకొలత సూర్యుడికి నలభై, యాభై రెట్లు, అంతే. ఉబ్బిన నక్షత్రం పేలితే వేడి గ్యాసు అప్పటికే విశాలంగా పరుచుకుని ఉంటుంది, అందులోని వేడి పెద్దగా నష్టపోకుండా వెలుగై బయటికి వస్తుంది. బిగుతుగా ఉన్న నక్షత్రం పేలితే ఆ గ్యాసు ముందు విస్తరించాలి. విస్తరించే పనికే వేడి కరిగిపోతుంది. అందుకని మొదటి రోజుల్లో 1987ఎ మసకగానే ఉంది. కంటికి ఆనే నక్షత్రాల్లో కింది వరసలో చేరింది.

అక్కడితో అయిపోవాలి. వేడి ఖర్చయిపోయిన గ్యాసు చల్లబడి, కొన్ని వారాల్లో ఆరిపోవాలి. అలా జరగలేదు. మార్చి అంతా, ఏప్రిల్ అంతా వెలుగు పెరిగింది. మే 20 ప్రాంతంలో 2.9 ప్రకాశ పరిమాణానికి (ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది. అప్పటికి పేలి దాదాపు మూడు నెలలు. పేలుడు వేడి ఎప్పుడో అయిపోయింది. మరి ఈ వెలుగు ఎవరు పెట్టారు?

పేలుడు దెబ్బ నక్షత్రం లోపలి పొరల గుండా దూసుకుపోయినప్పుడు అక్కడి సిలికాన్, ఆక్సిజన్ క్షణాల్లో కలిసిపోయి నికెల్-56గా మారాయి. దాని బరువు సూర్యుడి బరువులో 0.07 వంతు. వినడానికి చిన్న సంఖ్య. లెక్కగడితే 23,000 భూగోళాల బరువు. అదంతా రేడియోధార్మిక పదార్థం. నికెల్-56కి అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, ఆరు రోజులు. అది కోబాల్ట్-56గా మారుతుంది. కోబాల్ట్-56కి అర్ధాయువు 77 రోజులు. అది ఇనుము-56గా మారి అక్కడ నిలిచిపోతుంది. మారే ప్రతిసారీ గామా కిరణాలు వదులుతుంది. ఆ గామా కిరణాలే గ్యాసును లోపలి నుంచి వేడిచేశాయి. మే నెలలో దక్షిణార్ధగోళంలో జనం తలెత్తి చూసింది కోబాల్ట్ వెలుగునే.

మా మెషిన్‌లో ఉండేది కోబాల్ట్-60, దీని సోదర ఐసోటోపు (అదే మూలకం, అణువు బరువు మాత్రం వేరు). మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటా రియాక్టర్లలో దాన్ని తయారుచేస్తారు. బొటనవేలంత స్టీలు క్యాప్సూల్‌లో సీలు చేసి, మెషిన్ తలలో మందపాటి సీసం మధ్య పెడతారు. బటన్ నొక్కితే ఆ క్యాప్సూల్ ముందుకు జరిగి కిటికీకి ఎదురుగా వస్తుంది, గుమ్మం పైన ఎర్ర లైటు వెలుగుతుంది. టైము అయిపోగానే వెనక్కి పోతుంది. దాని అర్ధాయువు 5 సంవత్సరాల 3 నెలలు. నెలకు ఒక శాతం పైచిలుకు బలం తగ్గుతుంది. అందుకని మా ఫిజిసిస్టు ప్రతి నెలా మొదటి తారీకున అవుట్‌పుట్ లెక్క తిరగరాసి, ఆ కాగితం కంట్రోల్ ప్యానెల్ పక్కన గోడకు అంటించేవారు. దాన్ని చూసే మేము టైము సెట్ చేసేవాళ్లం. కొత్త సోర్సు (కోబాల్ట్ ఉన్న క్యాప్సూల్) వచ్చినప్పుడు నిమిషంన్నర చాలిన చోట, ఐదేళ్లు దాటేసరికి మూడు నిమిషాలు పెట్టాలి. లేకపోతే డోసు సరిపోదు.

ఒకావిడకు మూడేళ్ల తర్వాత మళ్లీ ట్రీట్‌మెంట్ అవసరమైంది. టేబుల్ మీద పడుకోబెట్టి, టైము పూర్తయి లేపడానికి లోపలికి వెళ్తే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "సిస్టరమ్మా, పోయినసారి ఇంతసేపు పెట్టలేదు గదా. రోగం బాగా ముదిరిందా?" అని అడిగింది. ఆ మూడేళ్లలో ముసలిదైంది మా సోర్సు, ఆవిడ రోగం కాదు. బయటికి తీసుకొచ్చి గోడ మీది చార్టు చూపించి, ఈ నెలకు ఇంత, పోయిన నెలకు ఇంత అని వేలు పెట్టి చూపించాను. చదువు రాకపోయినా అంకెలు తగ్గుతున్నాయని ఆవిడకు తెలిసింది. మరునాటి నుంచి ధైర్యంగా వచ్చి పడుకుంది.

ఆ చార్టులోని అంకెలను సెమీలాగ్ గ్రాఫ్ కాగితం (నిలువుగా ఒక్కో మెట్టుకు విలువ పది రెట్లు పెరిగేది) మీద గీస్తే ఒక వాలు గీత వస్తుంది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. మా డిప్లొమాలో చేతితో గీయించేవారు. చాలా ఏళ్ల తర్వాత, మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఒక సైన్సు పత్రికలో 1987ఎ వెలుగు గ్రాఫ్ చూశాను. మొదట ఒక గుట్టలా లేచి దిగింది. దిగాక, నాలుగో నెల నుంచి, అదే వాలు గీత. రాసినవారు పక్కనే చెప్పారు, 77 రోజులకు సగం. నేను పెన్సిలు తీసుకుని, పత్రిక మీద గీతలు పెట్టకూడదని తెల్ల కాగితం పైన వేసి ట్రేస్ చేసుకున్నాను. 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కోబాల్ట్ కూడా మా గదిలోని కోబాల్ట్ పాటించే నియమాన్నే పాటిస్తోంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గామా కిరణం గ్యాసును ఎలా వేడిచేస్తుందో కూడా మాకు రోజూ పనిలో ఉన్నదే. గామా కిరణం నేరుగా కాల్చదు. ఒంట్లోని నీటిలో ఉన్న ఎలక్ట్రాన్‌ను తన్ని, తన శక్తిలో కొంత దానికిచ్చి, తాను పక్కకు తిరిగిపోతుంది. కాంప్టన్ స్కాటరింగ్ అని మా పాఠంలో మొదటి నెలలోనే చెబుతారు. ఆ తన్నులు తిన్న ఎలక్ట్రాన్లే క్యాన్సర్ కణాన్ని చంపుతాయి. సూపర్‌నోవాలో పేషెంటు ఉండాల్సిన చోట హైడ్రోజన్, హీలియం గ్యాసు ఉంది. ఎలక్ట్రాన్లు దాన్ని వేడిచేస్తాయి, వేడెక్కిన గ్యాసు మామూలు వెలుగు ఇస్తుంది. అయితే సూర్యుడికి పది రెట్లకు పైగా బరువున్న గ్యాసు పైన కప్పి ఉంది. లోపల పుట్టిన వెలుగు అందులో అటూ ఇటూ తగులుకుంటూ బయటపడటానికి వారాలు పట్టింది. అందుకే మే దాకా పెరుగుతూ పోయింది. వెలుగు తక్కువగా ఉండటానికీ, ఎక్కువ కాలం ఉండటానికీ సమాధానం ఒకే చోట దొరుకుతుంది: చిన్న నక్షత్రం, మందపాటి దుప్పటి, లోపల కోబాల్ట్.

ఇది ఊహ కాదని ఎలా తెలుసు అంటారేమో. ఈ కథ పెద్దది, కొంచెం చెబుతాను. సూపర్‌నోవాల వెలుగు ఒక పద్ధతిగా సగం సగం తగ్గుతుందని, దాని వెనక రేడియోధార్మికత ఉండవచ్చని 1950ల్లోనే అనుమానించారు. 1952లో పసిఫిక్‌లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు మసిలో కాలిఫోర్నియం-254 అనే ఐసోటోపు దొరికింది. దాని అర్ధాయువు సుమారు రెండు నెలలు. సూపర్‌నోవాల్లో వెలిగేది అదేనని ఫ్రెడ్ హాయిల్, బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, వాల్టర్ బాడే లాంటి హేమాహేమీలు ప్రతిపాదించారు. అది నిలవలేదు. 1962లో టైటస్ పాంకీ అనే యువకుడు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో నికెల్-56 పేరు చెప్పాడు. చాలా కాలం ఆయన్ను ఎవరూ పట్టించుకోలేదు. 1969లో కోల్గేట్, మెకీ ఆ దారిలోనే లెక్కలు కట్టారు. అయినా అవన్నీ లెక్కలే. ఎవరూ గామా కిరణాన్ని పట్టి చూపించలేదు.

1987 ఆగస్టులో అది దొరికింది. సూర్యుణ్ని చూడటానికి 1980లో పంపిన సోలార్ మాక్స్ అనే ఉపగ్రహం ఉండేది. దానిలోని గామా పరికరానికి పక్క నుంచి ఈ సూపర్‌నోవా గామా కిరణాలు తగిలాయి. శక్తి 847, 1238 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ రెండు అంకెలూ కోబాల్ట్-56 వేలిముద్రలు. ప్రపంచంలో ఇంకే పదార్థమూ ఆ రెంటినీ ఆ పాళ్లలో ఇవ్వదు. మా కోబాల్ట్-60వి 1173, 1332, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆరు నెలల్లో గ్యాసు విస్తరించి పలచబడి, కవచంగా పనిచేయడం తగ్గింది కాబట్టి కొన్ని కిరణాలు లోపల తగలకుండా బయటికి వచ్చేశాయి. నిజానికి అవి అనుకున్నదానికన్నా నెలల ముందే వచ్చాయి. అంటే కోబాల్ట్ అంతా నడిబొడ్డున ముద్దగా కూర్చోలేదు, పేలుడు గందరగోళంలో వేళ్లు చాపినట్టు పై పొరల్లోకి చొచ్చుకుపోయింది. ఒక ట్రీట్‌మెంట్ గదిలో లీకేజీ సర్వే చేసి సోర్సు ఎక్కడుందో చెప్పినట్టు, బయట నిలబడి నక్షత్రం లోపలి అమరిక చెప్పారు. 'అంతుపట్టలేదు' అని రాసింది ఇంత పని మీద.

తర్వాతి కథ కూడా అంతే ముచ్చటగా ఉంటుంది. రెండేళ్లు దాటాక కోబాల్ట్-56 అడుగంటింది. అప్పుడు 272 రోజుల అర్ధాయువున్న కోబాల్ట్-57 ముందుకు వచ్చింది. దీన్ని కూడా నేను ఎరుగుదును. మా పక్క గదిలో న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు గామా కెమెరాను పొద్దున్నే పరీక్షించుకునే పళ్లెం లాంటి సోర్సులో ఉండేది అదే. ఆ తర్వాత టైటానియం-44 వంతు, దాని అర్ధాయువు దాదాపు 60 ఏళ్లు. నాసా వారి నూస్టార్ టెలిస్కోపు ఆ టైటానియం కిరణాలను నేరుగా పట్టుకుందని 2015లో ప్రకటించారు. 1987లో పుట్టిన టైటానియంలో ఇప్పటికీ సగానికి పైగా మిగిలే ఉంది. 2001 నుంచి మధ్యలోని శకలాలు మళ్లీ వెలుగు పుంజుకున్నాయి. ఈసారి కారణం వేరు, చుట్టూ ఉన్న వలయం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు వాటిని వేడిచేస్తున్నాయి.

వలయం అన్నాను కాబట్టి ఆ ఫొటో కింది వ్యాఖ్య సంగతి. అందులో మెరిసే చుక్కల వలయం పేలుడులో ఎగిరిపడ్డ శకలాలని రాశారు. దయచేసి సవరించండి. ఆ గ్యాసును నక్షత్రం చనిపోవడానికి సుమారు 20,000 ఏళ్ల ముందే వదిలింది. పేలుడు వెలుగు తగిలి అది మొదట మెరిసింది. శకలాలు వచ్చి దాన్ని ఢీకొనడం 1990ల రెండో సగంలో మొదలైంది, అప్పుడే ఆ చుక్కలు ఒక్కొక్కటిగా వెలిగాయి. అసలు శకలాలు వలయం మధ్యలో తాళం చెవి బెజ్జంలా కనిపించే భాగంలో ఉన్నాయి. ఇంకో మాట కూడా వదిలేశారు. కూలిన గుండె ఏమైందన్నది ముప్పై ఏడేళ్లు తేలలేదు. 2024 ఫిబ్రవరిలో, మీరు వేసిన ఫొటో తీసిన ఆ జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుతోనే, నట్టనడుమ అయనీకరణ చెందిన (ఎలక్ట్రాన్లు ఊడిపోయిన) ఆర్గాన్, గంధకం ఆనవాళ్లు చూసి అక్కడ న్యూట్రాన్ నక్షత్రం (కూలిన గుండె మిగిల్చే అతి దట్టమైన ముద్ద) ఉందనడానికి గట్టి ఆధారం చూపించారు. ఆ ఫొటో వేసే పేజీలో ఈ వార్తకు చోటుండాలి.

తెలుగువాళ్లకు ఇది కనిపించలేదా అని మా మనవరాలు అడిగింది, మీ పాఠకుల్లో ఇంకొందరికీ ఆ ప్రశ్న వచ్చి ఉంటుంది. గుంటూరు నుంచి చూస్తే ఆ చోటు దక్షిణ దిక్కున నాలుగైదు డిగ్రీల కన్నా పైకి రాదు. హైదరాబాద్ నుంచి ఇంకా తక్కువ. ఊరి దుమ్ములో, చెట్ల వెనకాల పోతుంది. కానీ కుప్పం దాటి తమిళనాడులోకి వెళ్తే, వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. అక్కడి నుంచి ఎనిమిది డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. అంత కిందికి టెలిస్కోపు వంచి మన శాస్త్రజ్ఞులు ఆ నెలల్లో దాని వర్ణపటాలు (వెలుగును రంగులుగా విడదీసిన చిత్రాలు) తీశారు, పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ వేధశాలను నెలకొల్పిన వేణు బప్పు పెరిగింది హైదరాబాద్‌లో, వాళ్ల నాన్నగారు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. సూపర్‌నోవా వచ్చేసరికి ఆయన లేరు, 1982లోనే పోయారు. ఆ సంవత్సరం ఆయన ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. రేడియేషన్, రేడియోధార్మికత అన్న మాటలు మీ పత్రికలో వస్తూనే ఉంటాయి. సెల్ టవర్ గొడవలో వస్తాయి, చెర్నోబిల్ వార్షికోత్సవానికి వస్తాయి, ఎక్కడో తుక్కు దుకాణంలో సోర్సు దొరికితే వస్తాయి. ప్రతిసారీ భయంతోనే వస్తాయి. భయపడాల్సినవి ఉన్నాయి, కాదనను. సోర్సు వెనక్కి పోకుండా ఇరుక్కుంటే ఏం చేయాలో డ్రిల్లు చేసినవాళ్లం మేము, దాని సంగతి మాకన్నా ఎవరికి తెలుసు. కానీ ఆ మాట ఒక అందమైన వార్తకు ప్రాణమైన చోట, అది లేకపోతే వార్తే అర్థంకాని చోట, దాన్ని తీసేసి 'మిస్టరీ' అని పెట్టారు. అది నాకు చిన్న విషయంగా తోచలేదు.

ఎందుకో చెబుతాను. మా డిపార్ట్‌మెంటులో భార్యకు కరెంటు పెట్టించి తీసుకెళ్లే మొగుళ్లు గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగేవారు, పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవచ్చా అని. కొందరు అడక్కుండానే కంచం వేరు చేసేవారు. ఒక బాలింత కోడలు, అత్తగారికి వైద్యం జరిగినన్నాళ్లూ చంటిదాన్ని ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆ పెద్దావిడ టేబుల్ మీద పడుకుని పైకప్పు చూస్తూ ఆ సంగతి చెప్పింది. బయటి నుంచి పెట్టే కోబాల్ట్ వైద్యంలో, సోర్సు వెనక్కి వెళ్లాక, పేషెంటు ఒంట్లో ఏమీ మిగలదు. లైటు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే. రేడియో అయోడిన్ మింగించే వైద్యం వేరు, దానికి కొన్ని రోజుల జాగ్రత్తలు ఉంటాయి, అవి డాక్టర్లే చెబుతారు. ఈ తేడా తెలియక, ఇంట్లో వాళ్లు దూరం పెడతారన్న దిగులుతో, మధ్యలో ట్రీట్‌మెంట్ మానేసి వెళ్లిపోయిన వాళ్లను చూశాను. సగంలో ఆపిన కోర్సు ఎంత నష్టం చేస్తుందో క్యాన్సర్ వార్డులో పనిచేసిన ఎవరినైనా అడగండి.

వాళ్లలో చాలామంది ఇళ్లల్లో పత్రిక వస్తుంది. పదో తరగతి చదివే కొడుకో కూతురో ఆదివారం పేజీ చదివి పెడతారు. ఆ పేజీలో, ఆకాశంలో మూడు నెలలు పెరిగిన వెలుగు కోబాల్ట్‌దనీ, అమ్మకు పెట్టే కరెంటులో ఉండేది దాని సోదర పదార్థమేననీ, రెండూ తమ తమ లెక్క ప్రకారం సగం సగం తగ్గుతాయనీ ఒక్క పేరా ఉంటే, ఆ పిల్లలకు ఆ మాట భయం కాకుండా లెక్కగా పరిచయమయ్యేది. మా పేషెంటుకు గోడ మీది చార్టు చేసిన పని అదే.

కాబట్టి మీకు నా విన్నపాలు ఇవి. ఫొటో కింది వ్యాఖ్యను సవరించండి. వ్యాసంలో 'బలహీనమైన పేలుడు', 'అంతుపట్టలేదు' అన్న రెండు మాటల మీద వివరణ వేయండి. వీలైతే 1987ఎ వెలుగు గ్రాఫ్‌ను, పేలిన నాటి నుంచి 500 రోజుల వరకు, అర పేజీ అక్కర్లేదు, రెండు కాలమ్‌ల వెడల్పులో ప్రచురించండి. నిలువు అక్షం సెమీలాగ్ కాగితంలోలా లాగరిథమిక్‌గా ఉండేలా చూడమని మీ ఆర్టిస్టుకు చెప్పండి, లేకపోతే వాలు గీత తిన్నగా రాదు. పక్కన 77 రోజులకు ఒక గీటు పెట్టిస్తే పదో తరగతి పిల్లలు స్కేలుతో కొలుచుకుంటారు. నేను ట్రేస్ చేసుకున్న కాగితం కావాలంటే నకలు తీసి పంపగలను.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ రేడియోథెరపీ టెక్నీషియన్,
గుంటూరు.